ఇంతకీ మోషే ఎదుట నిలబడిన ఫరో ఎవరు? ఐగుప్తు తేదీలు, బైబిల్ లెక్కలు

నిర్గమ_పాఠకుడు
మా చర్చిలో యూత్‌కి నిర్గమకాండం చెబుతున్నాను. తెగుళ్ల దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఫోన్లు తీసి వీడియోలు చూపించడం మొదలుపెట్టారు. ఒకదాంట్లో ఫరో రెండో రామ్సెస్. ఇంకోదాంట్లో రెండో అమెన్‌హోటెప్. మూడో ఆయన హిక్సోస్ అనే పరదేశ రాజులు ఐగుప్తును ఏలిన కాలం అంటాడు. నాలుగో ఆయనైతే ఐగుప్తు తేదీలన్నీ మూడు వందల ఏళ్లు తప్పు, అవి సరిచేస్తే బైబిల్ పొల్లుపోకుండా సరిపోతుంది అంటాడు. నలుగురూ బల్లగుద్దే చెబుతున్నారు.

1 రాజులు 6:1 ప్రకారం సొలొమోను ఏలుబడిలో నాలుగో ఏటికి 480 ఏళ్ల ముందు నిర్గమం. అది స్పష్టంగానే ఉంది. మరి నిర్గమ 1:11లో రామెసేసు అనే పట్టణం కట్టారని ఉందే? ఈ రెండూ ఎలా కుదురుతాయి? అసలు ఐగుప్తు తేదీలు ఎవరు లెక్కపెట్టారు, దేన్ని పట్టుకుని లెక్కపెట్టారు? "నమ్మితే చాలు" అనే జవాబు వద్దు. నమ్మకం ఉంది కాబట్టే అడుగుతున్నా.

బెజవాడ_శ్రీను
చిన్నప్పుడు సినిమాలో చూసినప్పటి నుంచి నాకైతే రామ్సెసే. కుర్చీ వేసుకుని కూర్చున్నా, కానివ్వండి.

కాలరేఖ
దగ్గరి కాలం నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి మాస్టారూ. అప్పుడే నేల ఎంతవరకు గట్టిగా ఉందో తెలుస్తుంది.

ఐగుప్తు వాళ్లకి శకం అంటూ లేదు. ఫలానా రాజు ఏలుబడిలో ఇన్నో ఏడు అని రాసుకునేవాళ్లు. మా అమ్మ "దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు నీ అన్న పుట్టాడు" అంటుంది. ఉప్పెన 1977లో వచ్చిందని బయటినుంచి తెలిస్తేనే ఆ మాటకి తేదీ వస్తుంది. ఫరోల జాబితాదీ అదే పరిస్థితి.

బయటినుంచి దొరికిన తేదీల్లో మొదటిది క్రీ.పూ. 525. పర్షియా రాజు కాంబిసెస్ ఐగుప్తును గెలిచిన కాలం. అక్కడినుంచి వెనక్కి 26వ వంశం. సక్కారాలో ఆపిస్ ఎద్దులను పాతిపెట్టిన సెరాపియం ఉంది కదా, అక్కడి శాసనాల్లో ఏ ఎద్దు ఏ రాజు ఎన్నో ఏట పుట్టింది, ఎప్పుడు చనిపోయింది, ఎన్నాళ్లు బతికింది అని రాసిపెట్టారు. వాటిని కూడుకుంటూ పోతే మొదటి ప్సామ్టిక్ గద్దెనెక్కింది 664. దీని మీద పండితుల్లో పేచీ లేదు.

ఇక బైబిల్ రాజుల తేదీలు ఐగుప్తు నుంచి రాలేదు, అస్సీరియా నుంచి వచ్చాయి. అక్కడ ఏడాదికొక అధికారి పేరు పెట్టి వరసగా జాబితా రాశారు. అందులో ఒక ఏడు సూర్యగ్రహణం పట్టిందని ఉంది. ఖగోళ లెక్కలో అది క్రీ.పూ. 763 జూన్ 15. దాన్నిబట్టి కార్కర్ యుద్ధం 853. ఆ యుద్ధంలో అస్సీరియా మీద నిలబడిన వాళ్లలో ఇశ్రాయేలు రాజు అహాబు ఉన్నాడు. యెహూ కప్పం కట్టింది 841. వీటి మీద రాజుల గ్రంథంలోని ఏళ్లు పేర్చుకుంటూ వెళ్తే సొలొమోను తర్వాత రాజ్యం చీలింది 931 ప్రాంతంలో. సొలొమోను నాలుగో ఏడు 966 అవుతుంది. దానికి 480 కలిపితే 1446. మీ పిల్లలు చూసిన వీడియోల్లో ఆ అంకె వినే ఉంటారు.

నిర్గమ_పాఠకుడు
1446 విన్నాను. మరి అప్పుడు గద్దె మీద ఎవరున్నారు?

కాలరేఖ
ఇప్పుడు ఎక్కువమంది వాడే లెక్కలో మూడో థుట్మోస్. 1479 నుంచి 1425 దాకా. కానీ 1446 పక్షం వాళ్లు రెండో అమెన్‌హోటెప్ పేరు చెబుతారు, ఎందుకంటే వాళ్లు పాతిక ఏళ్లు ముందుకు జరిపిన లెక్క వాడతారు. అందులో థుట్మోస్ 1504 నుంచి 1450.

ఆ పాతికేళ్లు ఎక్కడినుంచి వచ్చాయో చూడండి. ఎబెర్స్ పాపిరస్ అనే వైద్య గ్రంథం వెనక, మొదటి అమెన్‌హోటెప్ తొమ్మిదో ఏట సిరియస్ నక్షత్రం తెల్లవారుజామున మళ్లీ కనిపించిన రోజు రాసి ఉంది. వాళ్ల పంచాంగంలో 365 రోజులే, పావు రోజు లేదు. అందుకే ఆ నక్షత్రోదయం నాలుగేళ్లకొక రోజు చొప్పున జరుగుతూ 1460 ఏళ్లకి మొదటికి వస్తుంది. రోజు తెలిస్తే ఏడు తెలుస్తుంది. అయితే చూసిన మనిషి ఉత్తరాన మెంఫిస్‌లో ఉన్నాడా, దక్షిణాన తీబ్స్‌లో ఉన్నాడా? అక్కడ కొద్ది రోజుల తేడా ఇక్కడ ఇరవై పైచిలుకు ఏళ్ల తేడా. మోషే ఎదుట థుట్మోస్‌ని నిలబెట్టాలా అమెన్‌హోటెప్‌నా అన్నది ఎవరో ఒక పూజారి ఏ ఊళ్లో నిలబడి ఆకాశం చూశాడు అన్నదాని మీద ఆగి ఉంది.

బెజవాడ_శ్రీను
ఇది వీడియోల్లో ఎవడూ చెప్పడే!

గోషెను
కాలరేఖ గారు కింది మెట్లు బాగా కట్టారు. కానీ అసలు కథ మధ్యలో ఉంది. 1 రాజులు 14:25లో రెహబాము ఐదో ఏట యెరూషలేము మీదికి వచ్చిన షీషకు, 22వ వంశపు మొదటి షోషెంక్ అని అందరూ అంటారు. కర్నాక్ గుడి గోడ మీద అతను గెలిచిన ఊళ్ల పేర్లున్నాయి కాబట్టి. ఐగుప్తు చిత్రలిపిని విప్పిన షాంపోలియన్ ఆ గోడ మీద ఒక పేరు చదివి "ఇది యూదా రాజ్యం" అన్నాడు. ఆ చదవడం తప్పని తర్వాతి పండితులే తేల్చారు. యెరూషలేము పేరు ఆ జాబితాలో మిగలలేదు. అయినా షోషెంక్ దండయాత్రకి 925 అని తేదీ వేశారు. ఆ తేదీ దేన్నుంచి? రెహబాము ఐదో ఏటి నుంచి! అంటే బైబిల్ తేదీ తీసుకుని ఐగుప్తుకి వేసి, మళ్లీ ఐగుప్తు తేదీలతో బైబిల్ తప్పు అంటున్నారు. ఇది న్యాయమా?

ఐగుప్తు తేదీలు తప్పని వాదించే ఆంగ్ల పరిశోధకుడు డేవిడ్ రోల్ 1995లో చెప్పింది అదే. 21, 22, 23, 24, 25 వంశాలు ఒకదాని వెనక ఒకటి కాదు, చాలావరకు పక్కపక్కనే ఏలాయి. వాటిని దగ్గరికి నొక్కితే రెండో రామ్సెస్ పదో శతాబ్దానికి వస్తాడు. అతనే షీషకు. అప్పుడు నిర్గమం హిక్సోస్‌కి ముందు 13వ వంశంలో పడుతుంది. నైలు డెల్టాలోని అవారిస్ తవ్వకాల్లో కనాను నుంచి వచ్చినవాళ్ల ఇళ్లు, గొర్రెల పూడికలు, అన్నీ అక్కడే ఉన్నాయి.

హెబ్రీ_విద్యార్థి
గోషెను అన్నా, షోషెంక్ తేదీ విషయంలో మీ అనుమానం సరైనదే. దాన్ని పండితులు కూడా ఒప్పుకుంటారు. ఆ ఒక్క ఏడు బైబిల్ మీద ఆనుకుని ఉంది. కానీ అది తీసేసినా షోషెంక్ మూడు వందల ఏళ్లు కదలడు. 664 నుంచి వెనక్కి రాజుల ఏలుబడులు, పూజారుల వంశావళులు కూడితే పదో శతాబ్దం రెండో సగానికే వస్తాడు. అటూ ఇటూ పదేళ్లు, పదిహేనేళ్లు.

మెగిద్దోలో షోషెంక్ పేరున్న శిలాఫలకం ముక్క దొరికింది. కర్నాక్ జాబితాలోనూ మెగిద్దో ఉంది. గిబియోను, తానాకు, బేత్షెయాను, నెగెబు పల్లెలు ఉన్నాయి. ఒక ఫరో ఆ ప్రాంతం మీద నడిచాడనడానికి ఇంకేం కావాలి? యెరూషలేము పేరు లేకపోవడానికి రెహబాము ఖజానా ఇచ్చి పంపేశాడని బైబిలే దారి చూపిస్తోంది.

కాలరేఖ
గోషెను గారూ, పక్కపక్కనే ఏలిన వంశాలున్నాయన్నది నిజం. పాతకాలపు ఐగుప్తు పూజారి మనెథో రాసిన రాజుల జాబితాని కూడుకుంటూ పోయి ఏళ్లు పెంచేసిన పాత తప్పు అదే. కానీ దాన్ని ఇప్పటి లెక్కలో ఎప్పుడో సరిచేశారు. 22, 23, 24, 25 వంశాలు ఒకేకాలంలో ఉన్నట్టే రాస్తున్నారు. ఇంకా నొక్కడానికి అంత చోటు లేదు.

రెండో రామ్సెస్‌ని పదో శతాబ్దానికి దింపితే ఏమవుతుందో చూడండి. తన 21వ ఏట, ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ రాజు మూడో హత్తుసిలితో సంధి చేసుకున్నాడు. ఐగుప్తు ప్రతి కర్నాక్ గోడ మీద, హిట్టైట్ ప్రతి వాళ్ల రాజధాని హత్తుసాలో మట్టి పలకల మీద దొరికాయి. ఆ హత్తుసిలి బబులోను రాజులకీ ఉత్తరాలు రాశాడు. రామ్సెస్‌ని జరిపితే హత్తుసిలి జరగాలి, అతను జరిగితే బబులోను జరగాలి, బబులోను జరిగితే అస్సీరియా. అస్సీరియాకి మాత్రం 911 నుంచి ఏడాది తప్పకుండా జాబితా ఉంది. పదో శతాబ్దం చివర్లో హిట్టైట్ సామ్రాజ్యాన్ని ఎక్కడ పెడతారు?

ఐగుప్తులోని అమర్నాలో దొరికిన, ఫరో దర్బారుకి వచ్చిన ఉత్తరాలూ అంతే. 1887లో బయటపడ్డాయి, దాదాపు 380 పలకలు. అస్సీరియా రాజు అషుర్ ఉబల్లిట్, బబులోను రాజు బుర్నబురియాష్ ఫరోకి రాసినవి అందులో ఉన్నాయి. అంటే ఆ ఉత్తరాల కాలపు ఫరో అఖెనాటెన్ కాలం పద్నాలుగో శతాబ్దం అని మూడు దేశాలూ కలిసి చెబుతున్నాయి. ఇందులో బైబిల్ ప్రస్తావన ఏమీ లేదు, కాబట్టి చుట్టు తిరిగే తర్కం అనడానికి లేదు.

గోషెను
అమర్నా ఉత్తరాలంటే గుర్తొచ్చింది. షెకెములో లబాయు అనే నాయకుడు, కొండల్లో హబిరు గుంపులు. రోల్ లెక్కలో లబాయు అంటే సౌలు. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. సౌలు కథే!

హెబ్రీ_విద్యార్థి
అన్నా, ఒక్క ప్రశ్న. సౌలు కథలో ఫిలిష్తీయులు లేని పేజీ ఉందా? గొల్యాతు, గిల్బోవ కొండ, అన్నీ వాళ్లతోనే. అమర్నా ఉత్తరాల్లో గాజా, అష్కెలోను, గెజెరు ఊళ్లు ఉన్నాయి, ఫిలిష్తీయులు మాత్రం ఒక్కసారి కూడా లేరు. వాళ్లు ఐగుప్తు రాతల్లో మొదట గట్టిగా కనిపించేది మూడో రామ్సెస్ ఎనిమిదో ఏట, 1177 ప్రాంతంలో, సముద్రం మీదుగా వచ్చిన జనాల్లో. ఫిలిష్తీయులు రాకముందే సౌలు వాళ్లతో యుద్ధం ఎలా చేస్తాడు?

గోషెను
ఆ ప్రశ్నకి రోల్ పక్షం వాళ్లు వేరే జవాబిస్తారు. వెతికి పెడతాను.

కార్బన్_పద్నాలుగు
ఈ గొడవలో రాజులూ, పుస్తకాలూ అవసరం లేని సాక్షి ఒకటుంది. 2010లో రేడియోకార్బన్ వాళ్లు మ్యూజియంలలో భద్రంగా ఉన్న ఐగుప్తు విత్తనాలు, బుట్టలు, గడ్డి, పండ్లు తీసుకుని పరీక్షించారు. రెండు వందలకు పైగా నమూనాలు. ఒక్కో నమూనా ఏ రాజు కాలం సమాధిలోదో ముందే తెలుసు. దూలాలు, కలప తీసుకోలేదు, ఎందుకంటే చెట్టు కొట్టినప్పటి వయసుతో లెక్క పాడవుతుంది. ఏడాదిలో పెరిగి ఏడాదిలో కోసే మొక్కలే తీసుకున్నారు. నైలు లోయలో పంట కాలం వేరు కాబట్టి వచ్చే దాదాపు 19 ఏళ్ల తేడాని కూడా సరిచేశారు.

వచ్చిన జవాబు: నూతన రాజ్యం, అంటే థుట్మోస్, రామ్సెస్ లాంటి ఫరోలు ఏలిన కాలం, మొదలైంది 1570, 1544 మధ్య. పాఠ్యపుస్తకాల్లో ఉన్నది సుమారు 1550. మూడు వందల ఏళ్లు కిందికి దించడానికి ఇందులో చోటు లేదు. పాతికేళ్ల పేచీ మాత్రం ఇంకా తీరలేదు. నిజానికి ఈ ఫలితం కాస్త పెద్ద తేదీల వైపే మొగ్గింది.

నిర్గమ_పాఠకుడు
అంటే నాలుగో వీడియో పక్కన పెట్టేయొచ్చా?

కార్బన్_పద్నాలుగు
నా మాట అడిగితే అవును. ఆ విత్తనాలకి మోషే ఎవరో తెలియదు, రోల్ ఎవరో తెలియదు.

పిరమిడ్_పిచ్చోడు
జలప్రళయం సంగతేంది మరి? మా తాత బైబిల్ అంచుల్లో తేదీలు అచ్చేసి ఉంటయి. క్రీ.పూ. 2348 అని. గిజా పెద్ద పిరమిడ్ ఏమో 2550 దగ్గర అంటరు. పిరమిడ్ మునిగి తేలిందా?

హెబ్రీ_విద్యార్థి
ఆ అంచుల్లో తేదీలు బైబిల్ వాక్యాలు కావు అన్నా. ఐర్లాండు ఆర్చిబిషప్ అషర్ 1650లో వేసిన లెక్క. సృష్టి 4004, ప్రళయం 2348, నిర్గమం 1491. తర్వాతి కాలంలో అచ్చువేసినవాళ్లు వాటిని పేజీ అంచుల్లో పెట్టారు, జనం వాక్యంతో సమానంగా చదివారు.

అషర్ హెబ్రీ ప్రతిలోని వయసులు తీసుకున్నాడు. పాత గ్రీకు అనువాదం సెప్టూయజింట్‌లో ఆదికాండం 5, 11 అధ్యాయాల్లోని తండ్రుల వయసులు పెద్దవి, చాలామందికి వందేసి ఏళ్లు ఎక్కువ. ఆ లెక్కలో ప్రళయం ఇంకా ఎన్నో వందల ఏళ్లు వెనక్కి పోతుంది. సమరయ ప్రతి ఇంకో లెక్క. అషర్ అంకె పట్టుకుని పిరమిడ్ తేదీని కొట్టేస్తే, ఒక మనిషి కూడికని కాపాడటానికి రాళ్లని కదిపినట్టు అవుతుంది.

పిరమిడ్_పిచ్చోడు
మంచిగ చెప్పినవ్. ఎర్ర సముద్రం ఒడ్డున వాది అల్ జార్ఫ్ దగ్గర 2013ల పాపిరస్‌లు దొరికినయి. ఖుఫు కాలంల మెరెర్ అనే అధికారి రాసుకున్న పని పుస్తకం. తురా గనుల నుంచి సున్నపురాయి పడవల మీద గిజాకి ఎట్ల మోసిండ్రో రోజువారీగ ఉంది. చదువుతుంటే నా కండ్లల్ల నీళ్లొచ్చినయి, నాలుగున్నర వేల ఏండ్ల కింది మనిషి డ్యూటీ రిజిస్టర్.

సువార్తక్క
మేము పరిశుద్ధ దేశ యాత్రకి వెళ్లినప్పుడు కైరో మ్యూజియంలో ఒక నల్లరాయి చూపించారు. అందులో ఇశ్రాయేలు పేరు ఉందని గైడు చెప్పాడు. మా బస్సులో అందరం చేయెత్తి స్తుతించాం. అది ఏ ఫరోది? దీనికీ ఈ లెక్కకీ సంబంధం ఉందా?

కాలరేఖ
ఉంది అక్కా, ఈ చర్చ మొత్తానికి గుంజ అదే. మెర్నెప్టా శిలాఫలకం. రెండో రామ్సెస్ కొడుకు. 1896లో ఫ్లిండర్స్ పెట్రీ తీబ్స్‌లో బయటపెట్టాడు. మెర్నెప్టా ఐదో ఏడు, సుమారు 1208. అందులో ఎక్కువ భాగం లిబియా వాళ్ల మీద గెలుపు. చివరి వరసల్లో కనాను, అష్కెలోను, గెజెరు, యెనోయం, ఆ పక్కనే ఇశ్రాయేలు. మిగతా వాటికి దేశం గుర్తు వేసి, ఇశ్రాయేలు పక్కన జనం గుర్తు వేశాడు ఆ శిల్పి. కాబట్టి 1208 నాటికి ఆ పేరుతో ఒక జనం కనానులో ఉన్నారు. అంటే నిర్గమం దానికి ముందే జరిగి ఉండాలి. ఎంత ముందు అన్నదే తగాదా.

నూర్_కర్నూల్
మా ఇళ్లల్లో మెర్నెప్టా పేరు వేరే దారిలో వింటాం. ఫిరౌను శరీరాన్ని కాపాడతామని ఖురాన్ 10:92లో ఉంది కదా, అతని మమ్మీలో ఉప్పు దొరికింది, సముద్రంలో మునిగినందుకే అని మా మామయ్య చెబుతాడు. నిజమేనా?

కార్బన్_పద్నాలుగు
నూర్ గారూ, మమ్మీ చేసేటప్పుడు శరీరాన్ని ఎండబెట్టడానికి కప్పేది నేట్రాన్, అది ఉప్పే. ప్రతి మమ్మీలోనూ ఉప్పు ఉంటుంది. దాన్నిబట్టి ఒకరు మునిగారని చెప్పలేం. మీ ఆయతు మీద నాకేమీ అభ్యంతరం లేదు, ఈ ఉప్పు సాక్ష్యం మాత్రం నిలబడదు.

నూర్_కర్నూల్
అర్థమైంది భాయ్. మామయ్యకి చెప్తా, వింటాడో లేదో.

బెజవాడ_శ్రీను
హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో కూడా మమ్మీ ఉంది, చూశారా ఎవరైనా? దాన్ని అడిగితే పోలా.

పిరమిడ్_పిచ్చోడు
చూసిన, చిన్నప్పుడు స్కూలోళ్లు తీస్కపోయిండ్రు. నిజాంకి కానుకగ వచ్చింది అది. కానీ మోషే కంటే చానా తర్వాతది శ్రీనన్నా, దాన్ని అడిగినా చెప్పది.

నిర్గమ_పాఠకుడు
రామెసేసు పట్టణం సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. నా మొదటి ప్రశ్న అదే.

హెబ్రీ_విద్యార్థి
చెబుతాను బ్రదర్, ఇది నాకు ఇష్టమైన భాగం.

రెండో రామ్సెస్ డెల్టాలో కొత్త రాజధాని కట్టాడు, పి రామ్సెస్. 1930లలో పియెర్ మోంటే టానిస్‌లో తవ్వి, రామ్సెస్ పేరున్న విగ్రహాలు, స్తంభాలు కుప్పలుగా దొరికేసరికి ఇదే ఆ ఊరు అన్నాడు. కీర్తన 78లోని సోయను అదే టానిస్. కానీ అక్కడి నేలలో 21వ వంశానికి ముందటి నివాసమే లేదు. ఆ రాళ్లు వేరే చోటినుంచి మోసుకొచ్చినవి. అసలు పి రామ్సెస్ కాంటిర్ దగ్గర. దాని పక్కనే టెల్ ఎల్ దబా, అంటే హిక్సోస్ రాజధాని అవారిస్. 1966 నుంచి మాన్‌ఫ్రెడ్ బీటక్ బృందం అక్కడ తవ్వింది. పి రామ్సెస్‌కి నీళ్లిచ్చిన నైలు పాయ పూడిపోయాక ఊరు వదిలేసి, రాళ్లు తీసుకెళ్లి టానిస్ కట్టారు.

అందుకే పదమూడో శతాబ్దం పక్షం వాళ్లు అంటారు: ఆ పట్టణం గొప్పగా ఉన్నది రామ్సెస్ వంశం కాలంలోనే, తర్వాత దిబ్బ అయింది. కట్టడం చూసినవాళ్ల జ్ఞాపకం లేకపోతే ఆ పేరు నిర్గమకాండంలోకి ఎలా వస్తుంది? కెన్నెత్ కిచెన్ లాంటి విశ్వాసి అయిన ఐగుప్తు పండితుడు కూడా ఈ పక్షమే.

1446 పక్షం జవాబు కూడా బలహీనమైనదేం కాదు. ఆదికాండం 47:11 చూడండి. యోసేపు తన తండ్రిని "రామెసేసు" ప్రాంతంలో ఉంచాడు. యోసేపు కాలానికి రామ్సెస్ అనే రాజే పుట్టలేదు, ఏ లెక్కలో చూసినా. తర్వాతి లేఖికుడు చదివేవాళ్లకి తెలిసిన పేరు పెట్టాడన్నమాట. అక్కడ అలా జరిగితే నిర్గమ 1:11లో ఎందుకు జరగకూడదు?

గోషెను
ఈ వాదన నాకు నచ్చింది. న్యాయాధిపతులు 11:26లో యెఫ్తా కూడా హెష్బోనులో మూడు వందల ఏళ్లుగా ఉన్నాం అంటాడు. 1260 నిర్గమం అయితే ఆ మూడు వందలు ఎక్కడ పడతాయి?

హెబ్రీ_విద్యార్థి
పడవు. పదమూడో శతాబ్దం పక్షానికి అదే కష్టం. 480ని వాళ్లు పన్నెండు తరాలు, తరానికి నలభై అని చదువుతారు. సెప్టూయజింట్‌లో అదే చోట 440 ఉంది. కానీ యెఫ్తా మూడు వందలని అలా విడగొట్టడానికి లేదు. ఆవేశంలో శత్రురాజుకి చెప్పిన మాట, గుండ్రటి అంకె అంటారు. నాకు పూర్తిగా తృప్తి కలగదు.

కాలరేఖ
1446కి యెరికో ఉంది కష్టం. నలభై ఏళ్ల తర్వాత 1406లో గోడలు కూలాలి. 1930లలో గార్‌స్టాంగ్ తవ్వి 1400 ప్రాంతం అన్నాడు, చర్చిలు పండగ చేసుకున్నాయి. 1952 నుంచి 1958 దాకా కాథ్లీన్ కెన్యన్ మళ్లీ తవ్వి, ఆ కాలిన పట్టణం 1550 నాటిదని తేల్చింది. 1990లో బ్రయంట్ వుడ్ కుండపెంకులు తిరిగి చూసి 1400కే వచ్చాడు. తర్వాత 1995లో కాలిపోయిన ధాన్యాన్ని రేడియోకార్బన్‌కి పెడితే పదహారో శతాబ్దం వైపే వచ్చింది. హాసోరు కాలింది మాత్రం పదమూడో శతాబ్దంలో. ఒక పక్షానికి హాసోరు సాయం, ఇంకో పక్షానికి యెఫ్తా సాయం. రెండూ ఒకే జేబులో పట్టవు.

సువార్తక్క
మరి ఇపువేరు పాపిరస్ అని, నది రక్తంగా మారిందని ఐగుప్తు వాళ్లే రాసుకున్నారట కదా?

కాలరేఖ
నది రక్తం అన్న మాట అందులో ఉంది అక్కా. ప్రస్తుతం లైడెన్‌లో ఉన్న ప్రతి 19వ వంశం నాటిది, రచన ఇంకా పాతది. అది దేశం తలకిందులైందని విలపించే కావ్యం. దాసీలు నగలు పెట్టుకున్నారు, ధనవంతులు గోనె కట్టుకున్నారు అని వరస. బానిసలు వెళ్లిపోయిన ఊసు అందులో లేదు, పైగా ఆసియా వాళ్లు లోపలికి వస్తున్నారని ఏడుపు. మోషే కథకి ఎదురు దిశ. యూత్ ముందు దాన్ని రుజువుగా పెట్టకండి, రేపు ఎవరైనా మొత్తం చదివితే పిల్లల ముందు మాస్టారి మాట పోతుంది.

ఎర్రగుడి_రాయి
ఆలస్యంగా వచ్చాను, మొత్తం చదివాను. మనెథో పేరు పైన వచ్చింది కాబట్టి ఒక మాట. ముప్ఫై వంశాల లెక్క మనకిచ్చింది ఆ పూజారే, క్రీ.పూ. మూడో శతాబ్దంలో, టాలెమీల ఐగుప్తులో. ఆయన పుస్తకం పోయింది. జోసెఫస్, ఆఫ్రికానస్, యుసేబియస్ ఎత్తిరాసుకున్న ముక్కలే మిగిలాయి. వాళ్లలో ఒక్కొక్కరి అంకెలు ఒక్కోలా ఉంటాయి. హిక్సోస్ వాళ్లే మా పితరులు అని మొదట వాదించింది కూడా జోసెఫసే, మనెథో మాటలు చూపించి. నిర్గమ_పాఠకుడు గారి మూడో వీడియో వయసు పంతొమ్మిది వందల ఏళ్లు.

ఇంకోటి. మనెథో బతికిన కాలపు ఐగుప్తు రాజు రెండో టాలెమీ పేరు అశోకుడి 13వ శిలాశాసనంలో ఉంది, తురమాయ అని. అంతియోక, అంతికిని, మక, అలికసుదర పేర్లతో పాటు. అశోకుడి తేదీ మనకి గట్టిగా తెలిసిందంటే ఆ ఐదుగురి వల్లే. గ్రీకులు రాసిన శాండ్రకోటస్ మౌర్య చంద్రగుప్తుడు కాదు, గుప్తుల చంద్రగుప్తుడు, కాబట్టి మన చరిత్ర మొత్తం పన్నెండు వందల ఏళ్లు వెనక్కి జరగాలి అని తెలుగునాట కూడా పుస్తకాలొచ్చాయి. ఆ వాదనకి అడ్డం పడేది ఈ ఐదు పేర్లే. రోల్ వాదనకి హత్తుసిలి అడ్డం పడ్డట్టే. పద్నాలుగు శాసనాల వరస మా కర్నూలు వైపు ఎర్రగుడి గుట్టల మీద కూడా ఉంది. మీ యూత్‌ని ఒకసారి తీసుకురండి, రాయి మీద తేదీ అంటే ఏంటో చెయ్యిపెట్టి చూపిద్దాం.

బెజవాడ_శ్రీను
నేను కూడా వస్తా. బస్సు ఎక్కడినుంచి?

నిర్గమ_పాఠకుడు
ఎర్రగుడి సంగతి పాస్టర్ గారితో మాట్లాడతాను. వచ్చే పాఠానికి ఫరోల పట్టిక వేయాలనుకుంటున్నా. పేరు, తేదీ రెండూ బయటి సాక్ష్యంతో కలిసేవి ఏవేవి?

హెబ్రీ_విద్యార్థి
నెకో. యోషీయాని మెగిద్దోలో చంపింది 609. కర్కెమీషులో ఓడిపోయింది 605, యిర్మీయా 46:2. బబులోను రాజుల వృత్తాంతంలో కూడా ఆ ఓటమి ఉంది. హొఫ్ర, యిర్మీయా 44:30, ఏలింది 589 నుంచి 570. షీషకు కూడా రాయండి, తేదీ పక్కన "సుమారు" పెట్టండి.

తిర్హాకాని రాసేటప్పుడు కాస్త వివరించండి. 2 రాజులు 19:9 ప్రకారం హిజ్కియా కాలంలో సన్హెరీబు మీదికి వచ్చాడు, అది 701. అతను గద్దెనెక్కింది 690లో. 701లో యువరాజుగా సైన్యాన్ని నడిపి ఉండొచ్చు, రాసిన కాలానికి రాజు కాబట్టి కూషు రాజని రాశారు. మనం కూడా అలాగే మాట్లాడుకుంటాం.

గోషెను
సొలొమోను మామగారిని మరిచిపోయారు. 1 రాజులు 9:16, గెజెరు కాల్చి కూతురికి కట్నంగా ఇచ్చిన ఫరో.

హెబ్రీ_విద్యార్థి
బైబిల్ పేరు చెప్పలేదన్నా. 21వ వంశపు సియామున్ అని కిచెన్ ఊహ. ఏలిన కాలం సుమారు 978 నుంచి 959, సొలొమోను మొదటి ఏళ్లకి సరిపోతుంది. టానిస్‌లో సియామున్ శత్రువుని కొడుతున్న చెక్కడం ముక్క ఉంది, ఆ శత్రువు చేతిలోని ఆయుధాన్ని చూసి ఫిలిష్తీయుడని కొందరు అంటారు. గెజెరు పేరు దాని మీద లేదు. పట్టికలో ప్రశ్నార్థకంతో పెట్టొచ్చు.

గోషెను
ప్రశ్నార్థకంతో అయినా పెట్టండి. అది చూసి పిల్లల్లో ఒకరు పురావస్తు శాస్త్రం చదివితే నాకు చాలు. నేను రోల్‌ని ఇంకా వదల్లేదు, ఫిలిష్తీయుల జవాబు దొరికితే ఇక్కడే పెడతా.

సువార్తక్క
డిసెంబరులో మా చెల్లెలు వాళ్లు ఐగుప్తు వెళ్తున్నారు. షీషకు గోడ ఎక్కడుంటుందో చెబితే ఫోటో తెమ్మంటాను. మా టూర్‌లో కర్నాక్ గంటలో తిప్పేశారు.

కాలరేఖ
మొదటి ప్రాంగణంలోకి వెళ్లగానే కుడివైపు మూడో రామ్సెస్ చిన్న గుడి ఉంటుంది. అది దాటాక, రెండో పెద్ద గోపురానికి ముందు, కుడివైపునే బయటికి ఒక ద్వారం. దాన్ని బుబాస్టైట్ ద్వారం అంటారు. అందులోంచి బయటికి వచ్చి ఎడమకి తిరిగితే గోడ మీద పెద్ద అమున్ దేవుడు, వరసలు వరసలుగా చేతులు కట్టేసిన ఖైదీలు, ఒక్కో ఖైదీ పొట్ట మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక ఊరి పేరు. గైడు మామూలుగా అటు తీసుకెళ్లడు, ముందే అడగమనండి. చెక్కడం లోతు తక్కువ, ఎండ పక్కనుంచి పడేటప్పుడు తీస్తేనే పేర్లు కనిపిస్తాయి.